పెనుకొండ మీద ఒక చుక్క నెత్తురు

ఎనభైల మొదట్లో అనంతపురం కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. పిట్టల గురించి గంటసేపు మాట్లాడగలను గానీ ఒక్కదాన్నీ చేత్తో పట్టి ఎరగను. అటువంటి నాకు పరిశోధన చేసే మిత్రుడొకడు పని ఒప్పజెప్పాడు. పెనుకొండ మీది పసుపుగొంతు పిగిలిపిట్ట నెత్తురు ఒక్క చుక్క కావాలట.

తెల్లవారుజాము బస్సెక్కాం. తోడు నా భార్య సరోజ. ధర్మవరంలో మగ్గాల మధ్య పెరిగిన మనిషి. "నువ్వొక్కనివే పోతే పిట్ట నవ్వుతాది బావా," అని బయల్దేరింది. పెనుకొండ బస్టాండులో ఉగ్గాణి, బజ్జీ తిని కొండెక్కాం. సగం దారిలో నా సంచీ కూడా ఆమె భుజానికే చేరింది.

బండల మధ్య వల కట్టి, నీడన కూర్చుని పాఠం మొదలుపెట్టాను. "పూర్వం వానలు మెండుగా కురిసినప్పుడు ఈ కొండల నడుమంతా అడవే. పిట్టలు అటూ ఇటూ తిరిగి జతకట్టేవి. వాన తగ్గి అడవి ఎండిపోయాక ఏ కొండ పిట్టలు ఆ కొండమీదే చిక్కుకున్నాయి. తరతరాలుగా తమలో తామే జతకడితే నెత్తుట్లో వైవిధ్యం తగ్గిపోతుంది. అది నిజమో కాదో చూడాలి."

"అంటే మేనరికాలే గదా!"

లేచి వెళ్లి వల ముడులు సరిచూశాను. సరోజ నా మేనమామ కూతురు.

ఎండెక్కాక పిట్ట పడింది. నేను విడిపించబోతే దారం ఇంకా బిగుసుకుంది. సరోజే విడదీసి నా చేతిలో పెట్టింది. రెక్క పక్కకు సూది తెచ్చేసరికి పిట్ట నా బొటనవేలిని పొడిచింది, సూది నా వేలిలోనే దిగింది. గాజు గొట్టంలోకి ఎక్కిన చుక్క నాదే.

పిట్ట నోరు తెరిచి రొప్పుతోంది. గుప్పిట్లో దాని గుండె దడదడ తెలుస్తోంది.

"చస్తాది బావా, ఇడ్సిపెట్టు."

మిత్రుడి ముఖం గుర్తొచ్చింది. ఇంకో పిట్ట పడుతుందన్న నమ్మకం లేదు. అయినా గుప్పిలి విప్పాను. సరోజ బండ గుంటలో నీళ్లు పోసింది. అది తాగి, కాసేపు నన్నే చూసి, పొదల్లోకి ఎగిరిపోయింది. సాయంత్రం దాకా కాచినా మరొకటి రాలేదు.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. సరోజకు చోటు దొరికింది, నేను నిలబడ్డాను. పక్క సీట్లో కూర్చున్న రైతు ఒకాయన అడిగాడు. "ఏమన్నా, కొండకు మొక్కు తీర్చను పోయినారా?"

సరోజ జరిగిందంతా చెప్పేసింది, నా వానల పాఠం, సూదితో సహా. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. ఎండిన చెనక్కాయ చేల వైపు చూస్తూ, "అడివి పెరిగేటంత వాన కురిసిందా ఈడ? మళ్లా ఎప్పుడొస్తాదప్పా?" అన్నాడు.

వేల ఏళ్ల కిందటి వాన గురించి అంత చెప్పిన నాకు వచ్చే నెల వాన సంగతి తెలియదు.

"తెలీదన్నా," అన్నాను. ఆ రోజంతా నేను కచ్చితంగా తెలిసి చెప్పిన మాట అదొక్కటే. ఆయన తలూపి, కొంచెం జరిగి, నాకూ చోటిచ్చాడు.