చీమలు పట్టిన ఏసీ నీళ్ళు

కువైట్‌లో నేను తోలిన మొదటి బండి అమెరికాది. ఎనభైల నడిమి మాట. ఎంత పొడవు బండి అంటే, జాబ్రియాలో మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, ఇంటి ముందు ఆపితే ముందు చక్రాలకు మిట్టమధ్యాహ్నం, వెనక చక్రాలకు అప్పుడే పొద్దు వాలేది. ఎనిమిది సిలిండర్లు. బానెట్ ఎత్తితే లోపల ఒక చిన్న సంసారం కాపురం పెట్టుకోవచ్చు. రాయచోటిలో లారీల మీద చెయ్యి తిరిగినవాణ్ణి, ఇలాంటివి నాకు కొట్టిన పిండి అని వచ్చిన రోజే ఇంటిల్లిపాదికీ చెప్పేశాను. తెలుగులో చెప్పాను కాబట్టి ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు.

ఒక్క మనిషికి మాత్రం అర్థమైంది. ఆ ఇంట్లో వంట చేసే అక్క. ఆమెదీ మా వైపే, రాయచోటికి అవతల పల్లె. నాకంటే పదేళ్ళు పెద్దది, వెయ్యేళ్ళు తెలివైనది. "లారీ మీద చెయ్యి తిరిగినోనివా, లారీ కింద తుడిచినోనివా అబ్బీ?" అని అడిగింది. క్లీనరు పని అంత నీచమైనదేం కాదు.

ఆ ఇంటి యజమానిని మేము బాబా అనేవాళ్ళం. ఆయన భార్య మామా, తల్లి పెద్ద మామా. బాబా కోపం వచ్చినా అరిచే మనిషి కాదు. చూపుడు వేలు ఎత్తి పడమటి వైపు చూపించేవాడు, అంతే. పడమట ఎడారిలో ఆయనకు గొర్రెల దొడ్డి ఉంది. నాకు ముందున్న డ్రైవరు అక్కడే ఉండేవాడు. సరుకుల కోసం ఎప్పుడైనా ఊళ్ళోకి వస్తే, పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు కాదు. "హుర్ర్" అంటేనే తిరిగి చూసేవాడు. కూర్చోమంటే నాలుగు వైపులా వాసన చూసి కూర్చునేవాడు.

నేను చేరిన ఏడాదిలో బండి రెండుసార్లు ఆగింది. ఒకసారి బ్యాటరీ, ఒకసారి టైరు. రెండుసార్లూ వెనక సీట్లో పెద్ద మామా ఉంది. రెండోసారి బాబా నన్ను పిలిచి, వచ్చీరాని హిందీలో ఒకే మాట చెప్పాడు. "ఇంకోసారి మా అమ్మ రోడ్డు మీద నిలబడితే, నువ్వు గొర్రెల్లో నిలబడతావు." వేలు పడమటికి లేచింది. ఆ రాత్రి కలలో ఒక పొట్టేలు నా ఇఖామా, ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, నములుతూ కనిపించింది.

ఇక కరివేపాకు సంగతి. అక్క ఒకసారి సెలవుకు పోయి వస్తూ, తలనూనె సీసాల మధ్య తడిగుడ్డలో చుట్టి ఒక కరివేపాకు మొక్క తెచ్చింది. వంటింటి వెనక, నూనె డబ్బాలో నాటింది. ఆ రోజుల్లో జాబ్రియా మొత్తానికి అదొక్కటే కరివేపాకు చెట్టు అని నా ప్రకటన. నాలుగు ఆకుల కోసం ఫర్వానియా నుంచి మనుషులు రెండు బస్సులు మారి వచ్చేవాళ్ళు. ట్యాంకు నీళ్ళు పోస్తే ఉప్పుకు మాడిపోతుందని అక్క నమ్మకం. కిటికీ ఏసీల నుంచి కారే నీళ్ళు గిన్నెల్లో పట్టి, బిడ్డకు ఉగ్గు పోసినట్టు పోసేది. "ఏసీ నీళ్ళు వాన నీళ్ళ లెక్క అబ్బీ, తియ్యగుంటాయి" అనేది.

చారులో తాలింపు మీద నాకు ఆశ. అందుకని ఒక రోజు వినయంగా అన్నాను. "అక్కా, నా బండికి కూడా ఏసీ ఉంది. ఆపినప్పుడల్లా కింద నీళ్ళు కారతాయి. అవీ పట్టిస్తాను."

అదే నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క పరోపకారం. ఆ తరవాత ఎవరికీ చెయ్యలేదు.

ఆగస్టులో బండి ముందు భాగం కింద పాలపొడి డబ్బా పెట్టడం మొదలుపెట్టాను. మొదట అడుగు తడిసేది. వారం తిరిగేసరికి పావు డబ్బా. తరవాత సగం. కిటికీ ఏసీలు చుక్కలు లెక్కబెట్టి రాలుస్తుంటే, నా బండి కామధేనువులా పితికినకొద్దీ ఇచ్చేది. ఇంజను ఆపి గంటలు గడిచినా కారుతూనే ఉండేది.

"ఏసీ ఆపినాక గూడా కారతాండాదేందబ్బీ?" అని అడిగింది అక్క.

"అమెరికా ఏసీ అక్కా. ఆపినా దాని చల్లదనం చావదు."

ఇంకా చాలా జరిగాయి, అన్నిటికీ నా దగ్గర సమాధానం ఉంది. పొద్దున బండి తీస్తే ముందు నుంచి కూ... అని సన్నగా ఒక మూలుగు. కొత్త బెల్టు పాట పాడుతోంది అనుకున్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా వేడి చూపించే ముల్లు సగం దాటి పైకి పాకేది, కదిలితే దిగేది. ఆగస్టులో మనుషులకే ఉడుకు, ముల్లుకు ఉండదా అనుకున్నాను. రోజూ బండి బయట అద్దంలా తుడిచేవాణ్ణి. రేడియేటరులో నీళ్ళున్నాయో లేదో మాత్రం చూసినవాణ్ణి కాదు. లారీ కింద తుడిచినవాడికి కింద ఏముందో తెలియాలి కదా అని ఇప్పుడు ఎవరైనా అడగవచ్చు. అక్క అప్పుడే అడిగింది.

మొక్కకు ఆకులు పసుపెక్కాయి. తరవాత రాలాయి. ఫర్వానియా వాళ్ళు వచ్చి, మొండి కొమ్మలను చూసి, చావుకు వచ్చినవాళ్ళలా తలుపు దగ్గర కాసేపు నిలబడి పోయారు. అక్క నాతో మాటలు తగ్గించింది. నా చారులో కారం పెరిగింది.

ఒక గురువారం సాయంత్రం ఆమె పాలపొడి డబ్బా చేత్తో పట్టుకుని నా గదికి వచ్చింది. "సూడు" అంది.

డబ్బా అంచు చుట్టూ చీమలు. పెళ్ళి విందుకు వచ్చినట్టు బారులు తీరి ఉన్నాయి.

"నీళ్ళకు చీమలు పడతాయా అబ్బీ?"

నేను వేలు ముంచి చూశాను. జిగట. పచ్చగా ఉంది. వాసన తీపి. ఇన్ని రోజులూ పచ్చదనం డబ్బా రంగే అనుకున్నాను.

"నా చెట్టుకు ఏం తాపించినావురా పాపిష్టోడా? ఇది నీళ్ళు గాదు, నీ బండి నెత్తురు!"

ఆ మాట నిజమని షువైఖ్ గ్యారేజీలో అరగంటలో తేలిపోయింది. మెకానిక్కు హైదరాబాదు భాయ్. ఇంజను ఆపించి, రేడియేటరు వెనక ఉన్న ఫ్యాను రెక్క పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడించాడు. అది టకటకలాడింది.

"చూసినవా? ముసలోని పన్ను లెక్క ఊగుతున్నది. వాటర్ పంపు ఖలాస్." బెత్తెడు కింద వేలు పెట్టి, ఒక చిన్న రంధ్రం నుంచి జారి ఎండిపోయిన పచ్చ చార చూపించాడు. "పంపు లోపట సీలు పోతే గీ తొర్రలకెళ్ళి కారుతది. నీకు చెప్పుడు కోసమే తొర్ర పెట్టిండ్రు. కూ అని మొత్తుకున్నది, ముల్లు ఎక్కి చెప్పింది, కింద కార్చి చెప్పింది. ఇంక ఉత్తరం రాయాల్నా?"

"నేను ఏసీ నీళ్ళనుకున్నా భాయ్."

"ఏసీ నీళ్ళు గాడ పడ్తయ్, సీటు పక్కకు. రంగుండదు, వాసనుండదు. గివి ముంగట పడుతున్నయ్, రేడియేటర్ల పోసే పచ్చ కూలెంటు, తియ్యగుంటది." తల కొట్టుకున్నాడు. "డబ్బా పెట్టి పట్టినవా? చెట్టుకు పోసినవా? నీ అసుంటోడు నాకు షువైఖ్‌ల ఇంకోడు దొరకడు మియా."

ఈ బండికి పంపు శనివారం పొద్దున గానీ రాదట. మధ్యలో శుక్రవారం ఉంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక పెద్ద మామా అహ్మదిలో కూతురింటికి భోజనానికి పోవాలి. భూమి తిరగడం ఆగినా ఆ ప్రయాణం ఆగదు. బాబా, మామా పిల్లలతో రెండో బండిలో సముద్రం వైపు పోయారు. మిగిలింది నేను, ఈ నెత్తురోడే బండి, అహ్మదికి ముప్పై పైచిలుకు కిలోమీటర్లు. అటు చూస్తే గొర్రెలు. ఈ గోడంతా భాయ్‌కి చెప్పుకున్నాను.

భాయ్ నీళ్ళు నింపి నా చెవిలో మంత్రం ఊదాడు. "మెల్లగ పో, కానీ ఆగకు. ముల్లు ఎక్కితే ఏసీ బంద్ చెయ్, హీటర్ ఫుల్ పెట్టు. ఇంజన్ల వేడి నీ మీదికి గుంజుకుంటది. కిటికీలు తెరువు. ఎర్రల్నే ఉంటే మాత్రం పక్కకు ఆపు. వేడి మీద రేడియేటర్ మూత ముట్టినవనుకో, మూతి మిగలదు."

"ఆగస్టులో హీటరా?"

"గొర్రెలున్నయంటివి గద?"

శుక్రవారం బయల్దేరాం. పెద్ద మామా వెనక సీట్లో. ఎండ తారును కరిగించి కాటుక పడుతున్న వేళ, ఆమె మోకాళ్ళ మీద ఉన్ని శాలువా. ఆమెకు ఏసీ గాలి తగిలితే మోకాళ్ళు పోట్లు. నేను ఏసీ పెడితే "బారిద్, బారిద్", చలి చలి, అని కర్రతో నా సీటు వెనక పొడిచేది. ఆమె పక్కన అక్క, ఒళ్ళో మాంసం అన్నం గిన్నె.

ఫహాహీల్ రోడ్డు ఎక్కి సగం దూరం పోయామో లేదో, ముల్లు పాకడం మొదలుపెట్టింది. సగం. ముప్పావు. ఎర్ర గీత అంచు. నాకు గొర్రెల అరుపు స్పష్టంగా వినిపించింది. ఏసీ ఆపాను. హీటరు మీట చివరిదాకా జరిపాను.

ఇటుకల బట్టీ తలుపు తీసినట్టు మొహాన కొట్టింది. నా మీసం వెంట్రుకలు ఒక్కొక్కటే ముడుచుకోవడం నాకు తెలిసింది. కిటికీ దించబోతే వెనక నుంచి కర్ర పోటు. దుమ్ము రానివ్వకూడదు, అది పెద్ద మామా నియమం. ఎక్కించాను.

"ఏందబ్బీ ఇది?" అక్క గొంతు. "పొయ్యి ముట్టిచ్చినావా?"

"మంత్రం అక్కా. మెకానిక్కు చెప్పినాడు."

"మంత్రమా? నా ఒళ్ళో అన్నం మళ్ళీ ఉడుకుతాండాది! నా చెట్టును సంపితివి, ఇప్పుడు మమ్మల్ని గూడా తాలింపేస్తాండావా?"

ముల్లు ఆగింది. దిగలేదు, ఎక్కలేదు. నా చెమట సీటు నిండి కాళ్ళ కింద చాపలోకి దిగింది. చేపలు వదిలితే బతికేవి. అప్పుడు తట్టింది నాకు, వెనక నుంచి కర్ర పోటు లేదు, మాట లేదు. అద్దంలో చూశాను. పెద్ద మామా తల పక్కకు వాలింది. కళ్ళు మూసి ఉన్నాయి.

గొర్రెల దొడ్డి కాదు, దీనికి జైలే.

"అక్కా... ఉండాదా, పోయిందా? ముక్కు కాడ వేలు పెట్టి సూడు."

అక్క వేలు పెట్టింది.

"గురక పెడతాండాదిరా" అంది అక్క, నమ్మలేనట్టు. "పసిబిడ్డ లెక్క నిద్దరపోతాండాది."

ముల్లు ఒక గీత వెనక్కి తగ్గింది.

అహ్మదిలో కూతురింటి గేటు ముందు ఆపేసరికి బానెట్ సందుల్లోంచి సన్నగా ఆవిరి. పెద్ద మామా లేచింది. రోజూ అక్క భుజం మీద బరువంతా వేసి దిగే మనిషి, ఆ రోజు కర్ర సీట్లోనే మరిచిపోయి దిగింది. నాలుగడుగులు వేసి, తన మోకాళ్ళను తానే వంగి చూసుకుంది. "జైన్", బాగుంది, అంది. వెనక్కి తిరిగి నన్ను చూసి, "జైన్, జైన్" అంది. నేను తల వంచి సలాం చేశాను.

ఇంజను చల్లారేదాకా గంటన్నర మూత ముట్టుకోకుండా, దాని ముందు దోషిలా కూర్చుని, తరవాత నీళ్ళు నింపాను. సాయంత్రం అదే కొలిమిలో తిరిగి వచ్చాం. శనివారం పొద్దున భాయ్ కొత్త పంపు బిగించి, పాతది నా చేతిలో పెట్టాడు. ఇరుసు గిలక్కాయలా మోగింది. దాని గోడు వినని నన్ను దెయ్యంలా పట్టుకుని పగలంతా చెవుల్లో మోగింది.

ఆ సాయంత్రం బాబా తిరిగి వచ్చాడు. తల్లి దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. తరవాత నేరుగా బండి దగ్గరికి వచ్చి, ముందు సీట్లో కూర్చుని, నన్ను ఎక్కమన్నాడు.

"మా అమ్మను వేడి గాలిలో కూర్చోబెట్టావట."

నేను నిజం చెప్పేయాలనే అనుకున్నాను. పంపు, డబ్బా, చీమలు, కరివేపాకు, అన్నీ. కానీ అవన్నీ చెప్పడానికి నాకున్న హిందీ చాలలేదు. ఇప్పటికీ అలాగే సర్దిచెప్పుకుంటాను.

"ఎనిమిదేళ్ళుగా డాక్టర్లు చెయ్యలేనిది" అన్నాడు బాబా, "నువ్వు చేశావంటోంది." వేలు ఎత్తాడు. నా ప్రాణం పడమటికి బయల్దేరింది. వేలు గాల్లో తిరిగి తిరిగి, వచ్చి హీటరు మీట మీద ఆగింది. "పెట్టు."

పెట్టాను. బాబా అరనిమిషం ఓర్చుకున్నాడు. తలగుడ్డ అంచుతో మొహం తుడుచుకుంటూ దిగిపోయాడు. "అమ్మ ఉన్నప్పుడల్లా" అన్నాడు తలుపు వేస్తూ. "రోజూ."

గొర్రెలు తప్పాయి. ఆ వేసవి, ఆ పై వేసవి, ముల్లు కొత్త పెళ్ళికొడుకులా మధ్యలో చల్లగా కూర్చునేది, నేను పక్కన ఉడికేవాణ్ణి. దొడ్డి నుంచి సరుకులకు వచ్చిన పాత డ్రైవరు ఒకసారి, ఎడారిలో సాయంత్రాలు గాలి బాగుంటుంది, అన్నాడు. ఆ మాట మీద నేను రెండు రోజులు ఆలోచించాను.

అక్క డబ్బాలో మట్టంతా పారబోసి, వేళ్ళు కడిగి, మొక్కను మొదలుదాకా కత్తిరించి మళ్ళీ నాటింది. నన్ను దాని దరిదాపులకు రానివ్వలేదు. అక్టోబరులో గోరంత చిగురు వేసిందని ఫర్వానియా వాళ్ళ ద్వారా నాకు తెలిసింది.

ఆ తరవాతి శుక్రవారం, అహ్మది దారిలో హీటరు పూర్తిగా పెట్టి, వెనక గురక మొదలయ్యాక, అక్క నా భుజం మీద తడి తువ్వాలు ఒకటి పడేసింది. చల్లగా ఉంది.

"ఏసీ నీళ్ళతో తడిపినా" అంది. "చీమలు పట్టినాయేమో సూసి తుడుచుకో."