బీరువా వెనక పెట్టిన డబ్బా

చాలా ఏళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కాస్త తేలిక.

జనగామలో మాది మూడంతస్తుల ఇల్లు. కింద అత్తామామలు, మధ్యలో మేము, పైన మా తోడికోడలు స్వరూప. ఆమె భర్తకు, అంటే మా మరిదికి, హైదరాబాద్‌లో ఉద్యోగం. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేవు, రైలు ఎక్కడ ఆగిపోతుందో తెలియదు. కొత్తగా పెళ్లయినవాళ్లు, ఫోన్లో గొంతు వింటే సరిపోతుందా? ముఖాలు చూసుకోవాలి. ఇంటర్నెట్ రూటరేమో కింద మామయ్య గదిలో ఉండేది. రెండు స్లాబులు దాటి సిగ్నల్ పైకి చేరేసరికి వీడియోలో బొమ్మ బిగుసుకుపోయేది. అందుకని స్వరూప సాయంత్రాలు ల్యాప్‌టాప్ పట్టుకుని మా గదికి దిగివచ్చేది. నేను మర్యాదగా వంటింట్లోకి వెళ్లేదాన్ని. వెళ్లి, తలుపు వెనక నిలబడేదాన్ని.

ఎందుకు? మొదట సరదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే, మా ఆయన నాతో ఎన్నడూ అన్ని మాటలు మాట్లాడలేదు.

మరిది ఒక స్నేహితుడి బండి మీద చిన్న డబ్బా పంపించాడు. సిగ్నల్‌ను మధ్యలో అందుకుని పైకి పంపేది. "మెట్లకాడ అడ్డం లేకుంట పెట్టు వదినా, ఇనుప సామాన్ల పక్కన వద్దు" అని మరీమరీ చెప్పాడు. నేను తీసుకెళ్లి ఇనుప బీరువా వెనక ప్లగ్గుకు పెట్టాను. పచ్చ దీపం వెలుగుతూనే ఉండేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. స్వరూప కిందికి రావడం మానలేదు.

ఒక సాయంత్రం ఆమె వీడియోలో మరిదితో మెల్లగా చెప్పింది. కుట్టు నేర్చుకుంటానని బయలుదేరి, చౌరస్తాలో ఆడవాళ్ల దీక్షా శిబిరంలో కూర్చుంటోందట. మామయ్య సర్కారు కాంట్రాక్టులు చేసేవాడు. ఇంటి కోడలు శిబిరంలో కనబడితే పెద్దల దగ్గర పరపతి పోతుందని ఆయన భయం. అది తెలిసే ఆమె దాచింది. నాకు ఒళ్లు మండింది. తలనొప్పి నుంచి తల్లిగారింటి గొడవల దాకా నాతో చెప్పుకునే పిల్ల, ఇది నాకు చెప్పలేదు! మోసపోయింది నేనే అనుకున్నాను. తలుపు చాటున దొంగలా నిలబడ్డ మనిషికి ఆ మాట అనుకునే హక్కు ఎక్కడిది? అప్పుడు తట్టలేదు.

మరునాడు మామయ్య చెవిన వేశాను. నా పేరు రానీయొద్దన్నాను. ఆయన అన్నం దగ్గర అందరి ముందు ఆమెను కడిగేశాడు. గడప దాటడం బంద్ అన్నాడు. స్వరూప ఏడవలేదు. నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అక్కా, నేను ఆయనొక్కనికే చెప్పిన. ఇంకెవలకు తెల్వదు. ఆయనే చెప్పిండు గదా?"

అప్పుడైనా చెప్పవచ్చు. నోరు తెరిచాను కూడా.

"వాళ్ల బాపు దగ్గర ఆయన ఏం దాస్తడు? అన్ని చెప్తడు."

"గట్లనా," అంది. "నేనే పిచ్చిదాన్ని అక్కా. గింత నమ్మిన."

మరిది ఫోన్లో ఎన్నో ఒట్లు పెట్టుకున్నాడు. ఆమె నమ్మలేదు. నాకు భయం వేసి, డబ్బాను తీసి మెట్ల దగ్గర పెట్టాను. పై గదిలోకి సిగ్నల్ నిండుగా వచ్చింది. ఆమె ల్యాప్‌టాప్ తెరవలేదు.

రాష్ట్రం వచ్చింది. వాళ్లిద్దరూ ఇప్పుడు హైదరాబాద్‌లో పిల్లలతో బాగానే ఉన్నారు. బాగానే అంటే, పోట్లాడుకోరు. ఏ లోపలి మాటైనా ఆమె నాకే చెబుతుంది. ఒకప్పుడు నేను కోరుకున్నది అదే కదా?

మొన్న ఫోన్ చేసింది. "రొమ్ముల గడ్డ తగుల్తుందక్కా. దవాఖానకు నువ్వు తోడు రా. ఆయనకు చెప్పకు. ఆయన కడుపుల ఏ మాట దాగది."

సరే అన్నాను. ఫోన్ పెట్టేసి, ఇది రాయడానికి కూర్చున్నాను. ఆమె నమ్మకాన్ని పోగొట్టింది ఆయన కాదు, నేను. ఇంతకాలానికి ఆ ముక్క రాయగలిగాను. ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. రాశాక మాత్రం, కాస్త ఊపిరి ఆడుతోంది.