దేవుడి గదిలో మేయరమ్మ

పార్లమెంటు ఎన్నికల ప్రచారానికి ఆవిడ మా నారాయణఖేడ్ వచ్చారు. నగరంలో మేయరుగా ఉండగా, వాననీటి నాలాల మీద కట్టిన దుకాణాలను సొంత పార్టీవాళ్లవని కూడా చూడకుండా కూలగొట్టించిన మనిషి. మా గుమ్మంలో హారతి ఇస్తుండగానే ఒక రాయి వచ్చి ఆవిడ కనుబొమ్మను చీల్చింది. దుకాణాలు పోయిన కక్షతో నగరం నుంచే వెంబడించి వచ్చినవాళ్లు కర్రలతో ఎగబడి, పక్కనున్న కార్యకర్త తల పగలగొట్టారు. నేను ఆవిడను లోపలికి లాగి దేవుడి గదిలోకి నెట్టాను.

"మా దుకాన్ కూలగొట్టిచ్చింది, ఇయ్యాల దాన్ని సంపుత!" అంటూ ఒకడు కర్రెత్తి నడింట్లోకి వచ్చేశాడు.

నా నోటికి వేరే మాట రాలేదు. "ఏందిరా, దేవునర్రలకు చెప్పులతోని వస్తవా? ఇప్పు ముందు!" అని అరిచాను.

అంత కోపంలోనూ అతను ఆగాడు. కర్ర గోడకు ఆనించి, వంగి చెప్పుల బెల్టు విప్పసాగాడు! అంతలో నేనూ లోపలికి దూరి గడియ పెట్టేశాను. తలుపు దడదడలాడుతుంటే మేయరమ్మ రక్తం తుడుచుకుంటూ, "అక్కా, నీకేమన్న తాకిందా?" అని అడిగారు. పోలీసులు వచ్చేదాకా ఆ తలుపు నిలిచింది.

ఇప్పుడావిడ ఢిల్లీలో ఎంపీ. దీపం పెట్టేటప్పుడు ఆవిడ క్షేమం కోరుకుంటాను. దేవుడి ముందు చెప్పులు విడవాలని ఆ మనిషికి చిన్నప్పుడు నేర్పిన, నేనెరుగని తల్లికీ దండం పెట్టుకుంటాను.