కొమ్ము విరిగిన చప్పుడు

పసుపు ఎండిందో లేదో కంటికి సగమే తెలుస్తుంది. మిగతా సగం చెవికి తెలియాలి. బాగా ఎండిన కొమ్మును విరిస్తే టక్కుమంటుంది. తడి మిగిలి ఉంటే చప్పుడు మొద్దుగా ఉంటుంది, ఒక్కోసారి కొమ్ము వంగి ఊరుకుంటుంది. మహారాష్ట్రలోని సాంగ్లీ నుంచి కొనే వ్యాపారి ఇప్పుడు ఆర్మూరు దాకా రావడం లేదు. రైతుల సరుకు కమిషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో సేటు ఫోను కుప్ప మీదికి తిప్పి, కొమ్ము విరిచి వినిపిస్తే, అక్కడి నుంచే ధర చెబుతున్నాడు. ఆ దుకాణంలో వైఫై పెట్టింది నేనే. దాని మీదే మాటలు, వీడియోలు, గోదాం కెమెరాలు, కాంటా నుంచి కంప్యూటర్‌కు పోయే తూకాలు అన్నీ నడుస్తాయి.

నాకు ఈ పని ఎవరూ నేర్పలేదు. కేబుల్ టీవీ తీగలు లాగుతూ, లెక్కలు వేసుకుంటూ నేర్చుకున్నాను. అందుకే కొలిచి చూడనిదే దేన్నీ నమ్మను.

ఎదురు దుకాణంలో వైఫై మా బామ్మర్ది, నా భార్య తమ్ముడు, చూస్తాడు. హైదరాబాద్‌లో కోర్సు చేసి వచ్చాడు. ఈ సీజన్‌లో సరుకు దిగడం మొదలయ్యాక మా దగ్గర చప్పుడు తెగిపోసాగింది. కొమ్ము విరగడం అందరికీ కనిపించేది, సాంగ్లీలో మాత్రం చప్పుడు వినిపించేది కాదు. మళ్లీ విరవమనేవాడు వ్యాపారి. సేటు కాళ్ల దగ్గర తునకలు పోగుపడేవి. ఎదురు దుకాణంలో ఒక్కసారి విరవగానే బేరం కుదిరేది. రోడ్డుకు ఇవతల నిలబడితే ఆ టక్కుమనే చప్పుడు నా చెవికీ వినిపించేది.

"అవతల దుకాణంల ఒక్కపారి ఇరిస్తె ఇనవడ్తదట. మన తాన కొమ్ములన్ని తునుకలైతున్నయి," అన్నాడు సేటు. "ఈ వారం చూస్త. లేకుంటె మీ బామ్మర్దిని పిలుస్త."

సంగతి ఇంటికీ చేరింది. తమ్ముణ్ణి అడగడానికి నామోషీ ఏమిటని నా భార్య అడిగింది.

మరునాడు చాయ్ నెపంతో ఎదురు దుకాణానికి వెళ్లాను. జేబులోంచి ఫోను తీసి చాటుగా వాడి వైఫై వేగం కొలిచాను. నాదాని కంటే తక్కువే. సంతోషపడాల్సింది పోయి కడుపు మరింత మండింది. వాడి అంకె పెద్దదైతే తలవంచేవాణ్ణి. చిన్న అంకెతో వాడు గెలవడం ఎలా భరించను?

వాడు చూడనే చూశాడు. "ఏంది బావా, నా స్పీడు కొలుస్తున్నవా? నీది మస్తుంటది తియ్. ఇనవడదు గంతే."

అప్పుడే వాళ్లకు సాంగ్లీ ఫోను వచ్చింది. నేను పక్కకు జరిగి చూస్తూ నిలబడ్డాను. తెరమీద వ్యాపారి ముఖం తెరిచిన నోటితో అలాగే ఆగిపోయింది. మాట మాత్రం ఎక్కడా తెగకుండా వస్తూనే ఉంది. బొమ్మ ఆగినా సరే, మాట ఆగకూడదని వాడు ఏర్పాటు చేశాడు.

అప్పటిదాకా మా దుకాణంలో నేను పెట్టింది మార్కెట్ యార్డు పద్ధతి. ముందు వచ్చినవాడి సరుకు ముందు తూగాలి, అందులో అన్యాయం లేదు. కానీ వీడియో లారీ లోడుతో వస్తే, వెనక మాట ఒక్క బస్తాతో నిలబడాల్సి వస్తుంది. బస్తా సాయంత్రం దాకా ఆగినా పసుపు పసుపే. ఆలస్యమైన మాట ఎందుకూ పనికిరాదు.

వెనక్కి వచ్చి మాటను ముందు పెట్టాను, తర్వాత బొమ్మ, చివరన కెమెరాలు, తూకాలు. తూకం కాస్త ఆగి చేరితే ఎవరికీ నష్టం లేదు. వాడి దుకాణంలో ఇంకొకటి కూడా చూశాను: గోడకు కొట్టిన వైఫై డబ్బా ముందు పసుపు బస్తాలు నిట్టనిలువుగా పేర్చి ఉన్నాయి, సిగ్నల్‌కు అడ్డంగా. మా గోదాంలోనూ అంతే. నాదాన్ని విప్పి, బస్తాలు అందనంత ఎత్తున దూలానికి బిగించాను.

పొద్దున సేటు ఒక్క కొమ్మే విరిచాడు. వ్యాపారి మళ్లీ విరవమనలేదు, ధర చెప్పాడు. సేటు ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు.

"మీ బామ్మర్ది చెప్పిండా?"

లేదన్నాను. కొంచెం గట్టిగానే అన్నాననుకుంటాను. పని నాకే మిగిలింది, కానీ ఆ ప్రశ్న ఇంకా గుచ్చుతూనే ఉంది.

సాయంత్రం బామ్మర్ది వచ్చాడు. మా సేటు ఫోనులో వ్యాపారి ముఖం కదులుతుంటే కాసేపు చూశాడు.

"బావా, నీ తాన బొమ్మ ఆగుతలేదు. ఏం జేసినవ్?"

అలవాటుగా నా చూపు దూలం మీదికి పోబోయింది. మధ్యలోనే దించేశాను.

"సీజన్ అయినంక చెప్త."

వాడు నవ్వాడు. "సరె తియ్. అక్కను అడుగుత."

దూలం సంగతి ఆమెకు నేనింకా చెప్పలేదు.