వెనక ఇరుసులో చప్పుడు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో మా లారీ వెనక ఇరుసులోంచి ఒక చప్పుడు మొదలైంది. బండి కదిలేటప్పుడు ఒకసారి, గేరు మార్చినప్పుడు ఒకసారి ఠక్కుమనేది. ఇనుప తలుపుకు ఎవరో లోపలి నుంచి గడియ వేసినట్టుండేది. ఆ సంగతి నాకు చెప్పింది మా మరిది. చెప్పిన తీరే నాకు నచ్చలేదు.

"వదినె, క్రౌన్ పోయినట్టున్నది. మొత్తం సెట్టు మార్చాలె," అన్నాడు, చెప్పులు విడుస్తూ, నా ముఖం చూడకుండా.

ఇంజను తిప్పే బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే పళ్లచక్రాలు ఇరుసు నడుమ గుండ్రటి ఇనుప పెట్టెలో ఉంటాయి. వాటన్నిటినీ కలిపి మావాళ్లు క్రౌన్ అనేస్తారు. లారీలో అంతకంటే పెద్ద ఖర్చు ఇంజను ఒక్కటే.

"ఇప్పి చూడకుంటనే క్రౌన్ పోయిందని నీకెట్ల ఎరుక?"

"చప్పుడు ఇనవడ్తలేదా మరి?"

"నాకు ఇనవడలే. రేపు నేను బండ్లె కూసుంట. అప్పుడు ఇంట."

మా ఆయన దుబాయిలో ఉండేవాడు. సెలవు మీద వచ్చినప్పుడు ఆ లారీ కొన్నాడు. తమ్ముడు నడుపుతాడు, నువ్వు చూసుకో అని చెప్పి మళ్లీ వెళ్లిపోయాడు. అప్పటి నుంచి కోరుట్లలో మా ఇంట్లో ఒక బండికి ఇద్దరు కాపలాదార్లం. నేను బండిని కాసేదాన్ని, మరిది నన్ను కాసేవాడు. మా వాడలోనే ఒకావిడ లారీకి డ్రైవరూ మిస్త్రీ కలిసి మంచి సామాను విప్పేసి పాతది బిగించారని అందరూ చెప్పుకునేవారు. ఆ మాట నా చెవిలో బాగా నాటుకుంది.

మర్నాడు క్యాబినులో కూర్చున్నాను. ఆడమనిషి లారీలో ముందు కూర్చుని పోతుంటే దారిలో అందరూ తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను. జగిత్యాల దాకా పోతూ చెవులు రిక్కించి విన్నాను. గుంతల్లో దూకినప్పుడు చప్పుడు లేదు. బ్రేకు వేస్తే లేదు. కాలు ఎక్సిలేటరు మీద నుంచి తీసినా, మళ్లీ తొక్కినా ఠక్కుమంటోంది. అంటే చప్పుడు నిజమే. కానీ ఇంకోటి కూడా గమనించాను. దారిలో ఒక చౌరస్తా దగ్గర టీ కొట్టు ముందు కూర్చున్న కుర్రాళ్లు మా మరిదిని చూసి చేతులెత్తి పిలిచారు. అతను ఆగలేదు. హారను కొట్టి బండిని ఇంకా జోరుగా పోనిచ్చాడు.

"ఎవలు వాళ్లు?"

"ఎవలో. ఉద్యమపోళ్లు."

అతని ముఖం ఎందుకు ఎర్రబడిందో నాకు అర్థం కాలేదు. గుర్తు పెట్టుకున్నాను.

జగిత్యాలలో లారీల అడ్డా దగ్గర షెడ్డు నడిపే ముసలి మిస్త్రీ సాయిబు మా మామగారి కాలం నుంచి తెలిసినవాడు. బండి కిందికి దూరి, గేరుబాక్సు నుంచి వెనక ఇరుసు దాకా పోయే పొడవాటి రాడ్డును రెండు చేతులతో అటూ ఇటూ తిప్పి చూశాడు. బయటికొచ్చి గడ్డం తుడుచుకున్నాడు.

"క్రాసులు ఖరాబైనయ్ చెల్లె. రాడ్డు రెండు కొసలకు ఉంటయి చూడు, గవ్వి. లోపల క్రౌన్ అచ్ఛాగనే ఉన్నట్టుంది."

నాకు లోపల సంతోషం. మరిది అబద్ధం బయటపడిందనుకున్నాను. క్రాసులు మార్పించాను. చప్పుడు తగ్గింది గానీ పోలేదు. పోకపోయేసరికి ఈసారి అనుమానం ముసలాయన మీదికి మళ్లింది. బాగున్న క్రాసులు తీసేసి కొత్తవి అంటగట్టాడా? మళ్లీ పోయి అడిగితే ఆయన నొచ్చుకున్నాడు.

"పాతయి గీడనే ఉన్నయి, పట్టి చూడు. లోపలి బేరింగు సూదులన్నీ నలిగినయి. లోపల ఇంకోటి ఉన్నదేమో, ఇప్పితెనే తెలుస్తది. బండి ఇడిచి పో చెల్లె, రెండ్రోజులల్ల చెప్త."

బండి విడిచిపో అన్న మాట దగ్గర మా మరిది తల ఊపాడు. ఆ ఒక్క ఊపుతో నాకు ఇద్దరి మీదా నమ్మకం పోయింది. బండి విడవను అన్నాను. ఎక్కడ విప్పినా నా కళ్ల ముందే విప్పాలి.

ఆ వీలు సిరిసిల్లలో దొరికింది. బట్టల బేళ్లు ఎక్కించుకోవడానికి పోతున్నాడంటే నేనూ వెళ్లాను. లోడు ఎత్తిన పొద్దుననే బందుకు పిలుపు వచ్చింది. బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పవర్‌లూములు కూడా ఆపేశారు. ఏ సందులోకి పోయినా టకటకమంటూ ఉండే ఊరు అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ఆ నిశ్శబ్దంలో మా లారీని ఒక షెడ్డు దాకా నెమ్మదిగా నడిపించుకుంటూ పోతే, ఆ ఠక్కుమనే చప్పుడు విని మిస్త్రీయే బయటికొచ్చాడు. నా కంటే చిన్నవాడు. మగ్గాల ఇంట్లో పుట్టి, లూముల మోటార్లతో మొదలుపెట్టి లారీలకు వచ్చినవాడు.

"బందు గదా, పని చెయ్యచ్చా?" అన్నాను.

"గేటు ఏసుకుంట అక్కా. నాకూ పొద్దు పోతలేదు."

నేను స్టూలు వేసుకుని బండి పక్కనే కూర్చున్నాను. అతను ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు, ఇంజను ఆపి గేరులో ఉంచాడు, రాడ్డు పట్టుకుని తిప్పాడు. "క్రాసులు కొత్తయే, మంచిగున్నయ్," అన్నాడు. తర్వాత బండిని న్యూట్రల్ చేసి, రాడ్డు ఇరుసులోకి దూరే చోట చెయ్యి పెట్టమన్నాడు. నేను వంగి పట్టుకున్నాను.

"తిప్పు. చక్రం తిర్గుతందా?"

రాడ్డు నా చేతిలో కొంత దూరం ఊరికే తిరిగింది. చక్రాలు కదల్లేదు. ఆ తర్వాత లోపల ఏదో తగిలి ఠక్కుమంది. నెలల తరబడి విన్న చప్పుడు నా అరచేతిలో వినిపించింది.

"గీ ఆట, గీ లూజు, పెట్టె లోపలిదే," అన్నాడు.

నూనె వదిలితే నల్లగా కారింది. వేలికి రాసుకుని వెలుతురులో చూపించాడు. అరిగిన ఇనుప పొడి జరీలా మెరిసింది. ఇరుసు రాడ్లు లాగి, లోపలి ముద్దను బయటికి తీసి గోనెసంచి మీద పెట్టేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. పెద్ద క్రౌను పళ్లు ఒక్కటీ విరగలేదు. దాన్ని తిప్పే పినియను కూడా బాగుంది. క్రౌను కడుపులో ఉండే చిన్న పళ్లచక్రాలు మాత్రం నాశనమైపోయాయి. వాటి వెనక ఉండే వాషర్లు కాగితంలా అరిగిపోయాయి. అవి తిరిగే కడ్డీకి గాడి పడింది.

మిస్త్రీ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "గమ్మతున్నది," అన్నాడు. "గీ చిన్నయి మలుపుల కాడనే పని జేస్తయక్కా. ఒక చక్రం ఎక్కువ తిరిగి, ఒకటి తక్కువ తిరగాలె గదా, గప్పుడు. సక్కటి రోడ్డు మీద గమ్మున ఉంటయి. గింత అరిగినయంటె సక్కటి రోడ్డు మీద గూడ తిరుగుతనే ఉన్నయన్నట్టు."

లేచి వెనక చక్రాల చుట్టూ నడిచాడు. తర్వాత షెడ్డులో మూలనున్న నూలు దారం ఒకటి తెచ్చి, ఒక కొస నన్ను పట్టుకోమన్నాడు. ఎడమవైపు టైరు చుట్టూ కొలిచి ముడి వేశాడు. అదే దారం కుడివైపు టైరుకు చుడితే ముడి అవతలికి పోయింది. కుడివైపు జంట రెండూ ఎడమవాటికంటే చిన్నవి.

"కుడివైపుయి రీబటన్ చేసిన పాతయి అక్కా. పైన కొత్త రబ్బరు అతికిచ్చిండ్రు. సైజు తక్కువున్నయ్, సక్కటి రోడ్డు మీద గూడ ఎడమవాటికంటె ఎక్కువ తిరగాలె."

వెనక నాలుగు టైర్లూ ఒకేసారి కొన్నవి. మా ఆయన సెలవులో ఉన్నప్పుడు, నేనే వాటికి పసుపు కుంకుమ పెట్టాను. దుమ్ము కొట్టుకుపోయి ఉంటే నాకు తేడా తెలియలేదు. మా మరిది వైపు చూశాను. అతను గేటు వైపు చూస్తున్నాడు.

"రెండు టైర్లు ఏడబోయినయ్?"

చెప్పుతో నేల మీది నూనె మరకను రుద్దాడు.

"అమ్ముకున్నవా?"

"అమ్ముకోలే వదినె. కాలినయ్."

"ఎట్ల కాలినయ్?"

"రాస్తారోకోల బండిని రోడ్డుకు అడ్డం పెట్టిన. అందరు పెట్టిండ్రు, నేను గూడ పెట్టిన. పాత టైర్లు కాలబెడ్తుంటె మన బండి టైర్లకు మంట అంటుకున్నది."

నేను నమ్మలేదు. ఆ రోజుల్లో ప్రతి చౌరస్తాలోనూ టైర్లు కాలేవి. రోడ్డు మీద తీగల చుట్టలు మిగిలేవి. ఆ తీగలు ఎవరి టైర్లవో ఎవరు చెప్పగలరు? అంతకంటే తేలికైన అబద్ధం ఉంటుందా? మిస్త్రీ మా ఇద్దరినీ చూసి, చాయ్ తెస్తానని లోపలికి పోయాడు.

మర్నాడు బందు ఎత్తేశాక చిన్న చక్రాలూ కడ్డీ కొత్తవి వేయించి, కుడివైపుకు సరిపోయే టైర్లు ఎక్కించాం. లోడు చేర్చాల్సిన చోట దించేసి కోరుట్లకు తిరిగి వస్తూ, జగిత్యాల దాటాక కుర్రాళ్లు పిలిచిన ఆ చౌరస్తా దగ్గర బండి ఆపించాను. మరిదిని స్టీరింగు దగ్గరే కూర్చోమని, ఒక్కదాన్నే దిగి టైర్లు కాలిన సంగతి టీ కొట్టామెను అడిగాను.

ఆమె నన్ను కాదు, లారీని చూసింది. "గా లారీనా? అయ్యో బిడ్డ, గాలి మర్లేసరికి మంట గిటు అచ్చింది. మేమందరం బిందెలతోని నీళ్లు పోసినం, ఇసుక చల్లినం. గా పిలగాడు టైర్ల కాడ కూసోని ఏడ్సిండు. మా అన్నది బండి, మా వదినెకు ఏం చెప్పాలె అని."

తిరిగి బండెక్కాను. దొంగ కాదన్న నిమ్మళం ఒకవైపు. దాని వెనకే ఇంకో కోపం. అడగకుండా అన్న బండిని తీసుకెళ్లి మంటల పక్కన పెట్టడమేమిటి? అడిగితే ఏమనేదాన్ని? వద్దనేదాన్ని. కోరుట్లలో రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసిన ఆడవాళ్లలో నేనూ ఉన్నాను. అందరితో కలిసి అన్నం వండి రోడ్డు మీదే తిన్నాను. కానీ లారీని మాత్రం ఇచ్చేదాన్ని కాదు. అతనికి ఆ సంగతి తెలుసు. అందుకే అడగలేదు.

"గా రోజే చెప్తె ఏమైతుండె?" అన్నాను చివరికి.

"నువ్వు నమ్మకపోతుంటివి."

మా ఆయనకు నేను చెప్పనన్నాను. నువ్వే చెప్పుకోవాలి అన్నాను. శుక్రవారం ఆయన ఫోను చేసే వేళకు మరిదిని ఎదురుగా కూర్చోబెట్టి ఫోను అతని చేతికిచ్చాను. మొదటి నుంచీ చెప్పాడు. నడుమ నడుమ ఆగి నీళ్లు తాగాడు. అంతా విన్నాక ఆయన అడిగింది ఒక్కటే, నాకూ వినబడింది.

"బండి ముంగట ఉద్యమం జెండా కట్టినవా రా?"

"కట్టిన అన్నా," అన్నాడు మరిది. అని, ఫోను పట్టుకుని వాకిట్లోకి పోయాడు. ఇద్దరూ ఇంకా ఏదో మాట్లాడుకున్నారు. నేను తలుపు చాటుకు పోయి నిలబడి విన్నాను. మాటలు అందలేదు గానీ మరిది నవ్వు వినబడింది. దేనికో తెలియలేదు.