వాదనలు మీవే అన్నారు

నల్లగొండ కోర్టులో నేను వకీలును. తెలంగాణ వచ్చిన కొత్తలో, దేశమంతా ఆఫీసులున్న ఒక పెద్ద లా ఫర్మ్ నన్ను ఇక్కడి పనికి పెట్టుకుంది. కంపెనీల కేసులు వాళ్ల వృత్తి. కాగితాలు హైదరాబాద్‌లో తయారవుతాయి, వాయిదాలకు నేను నిలబడతాను, వాదనల నాటికి వాళ్ల పార్ట్‌నర్ కారులో దిగుతాడు. అదీ పద్ధతి.

చిట్యాల దగ్గరి కంపెనీ భూమి కేసులో మాత్రం ఆ పార్ట్‌నర్, "ఈసారి వాదనలు మీవేనండీ" అన్నాడు. నమ్మాను. భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే నిజాం కాలపు ఉర్దూ రికార్డు, పహాణీ, వాళ్లలో ఎవరికీ చదవరాదు. మహబూబ్‌నగర్‌లో ఒక ముసలి దస్తావేజు లేఖరి పక్కన మూడు రోజులు కూర్చుని, ఆయన చదువుతుంటే రాసుకున్నాను. కేసంతా ఆ కాగితం మీదే నిలిచింది.

వాదనల రోజు పార్ట్‌నర్ నా చేతిలోని నోట్సు తీసుకుని, "మీరు పక్కనుండి అందించండి" అన్నాడు. జడ్జి పహాణీ గురించి అడిగితే పార్ట్‌నర్ నావైపు వంగాడు. ఊరుకోవలసింది. చెప్పాను. అదే మాట ఆయన గొంతు పెంచి అన్నాడు. గెలిచాం.

బయట మా గుమాస్తా, "పెండ్లి మీదే అనుకున్న సాబ్. తోడుపెండ్లికొడుకైతిరి గద!" అని నవ్వాడు.

తర్వాత ఆ లా ఫర్మ్ తన చరిత్రను పుస్తకంగా అచ్చు వేసింది. మా కేసుకు ఒక పేజీ. ఉర్దూ రికార్డును వాళ్ల బృందమే వెలికితీసిందట. సరిదిద్దమని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. ఫర్మ్ వాళ్లు విసిగి, అదే కంపెనీది నా దగ్గరున్న ఇంకో కేసును వేరే వకీలుకు ఇద్దామనుకున్నారు. అందుకు పాత వకీలు సమ్మతి కావాలి. సంతకం కోసం వాళ్ల లాయరమ్మ వచ్చింది.

"పెడ్తనమ్మా. గా పుస్తకంల తప్పైందని మీ సార్‌ను ఒక్క ముక్క రాసియ్యమను."

"అది నా చేతిలో లేదు సార్."

"అయితే గీ సంతకం గూడ నా చేతుల లేదు."

నేను సహకరించడం లేదని, నా సమ్మతి లేకుండానే వకీలును మార్చుకోనివ్వమని వాళ్లు కోర్టులో పిటిషన్ వేశారు. దానికి జవాబుగా నేనూ కౌంటరు వేశాను. పహాణీ ఎవరు చదివారో, ఎవరు రాసుకున్నారో, వాదనలు ఎవరివన్నారో అన్నీ అందులో పెట్టాను. జడ్జి చదివి, "ఇదంతా ఇక్కడ అవసరమా?" అని పిటిషన్ మంజూరు చేశాడు.

కౌంటరు మాత్రం కోర్టు ఫైల్లోనే ఉంది. వెనక్కి తీసుకోను.