లంక గన్నేరు పుట్టిల్లు

రోజూ తెల్లారేసరికి పూల్‌సింగ్ తలపాగా చుట్టుకుని, చేతికర్ర పట్టుకుని, అత్తవారిళ్లలో తన ఆడపిల్లలు ఎలా ఉన్నారో చూడటానికి బయలుదేరేవాడు. ఆయనకు పద్నాలుగు మంది ఆడపిల్లలు. పద్నాలుగూ గన్నేరు మొక్కలే.

గుట్ట మీది లంబాడా తండా మనిషి. బూర్గంపాడు వైపు ఫారెస్టు నర్సరీలో వాచరుగా చేసి రిటైరయ్యాడు. ఎండాకాలం గోదావరి సన్నబడగానే ఇసుకలో నడిచి ఏటి మధ్య లంకకు వెళ్లేవాడు. అక్కడ ఎర్ర గన్నేరు అడవిలా పెరుగుతుంది. మేకలు ముట్టవు, మనుషులు పట్టించుకోరు. ఏటా వరద మీదినుంచి పోతుంటే వంగి పడుకుంటుంది, నీళ్లు తీయగానే ఒళ్లు దులుపుకుని లేచి పూస్తుంది. ఆ కొమ్మ తెచ్చి, సంచిలో వేరు పట్టించి, పసుపు కుంకుమ పెట్టి ఒక ఇంట్లో అప్పగించేవాడు.

"ఒక్కతే బిడ్డ లెక్క పెంచిన. తెలియక తప్పు చేస్తే కడుపుల పెట్టుకోండ్రి."

ఆ క్షణం నుంచి ఆ ఇంటివాళ్లు ఆయనకు వియ్యాలవారు. ఇక తప్పించుకునే దారి లేదు.

ఏటి బజారులో చెంచురామయ్య గారిది పెద్ద ఇల్లు. గుంటూరు వైపు నుంచి వచ్చి, భూములు కొని స్థిరపడిన రైతు. ఆయన కోడలు రాజ్యశ్రీ కాపురానికి వచ్చిన మర్నాడే గేటు దగ్గర ఈ సంభాషణ విని నోరు తెరిచింది.

"బావగారూ, బాగున్నరా?"

"ఎవరయ్యా నీకు బావ?"

"పిల్లనిచ్చినంక బావగారు కాక ఏమైతరు? మా గౌరి లేచిందా?"

"మొక్క లేవడమేమిటయ్యా! అది పడుకుందెప్పుడు?"

"అంటే రాత్రంతా నిలబెట్టే ఉంచిండ్రా?"

అత్తగారు నిర్మలాదేవి మాత్రం ఈ చుట్టరికంలోకి ఎప్పుడో జారిపోయింది. ఒకనాడు రెండాకులు పండితే పూల్‌సింగ్ అక్కడే కూలబడ్డాడు. "చెల్లెమ్మా, బిడ్డ ముఖం పాలిపోయింది. ఎవరన్నా ఏమన్నా అన్నరా?"

"అయ్యో, ఎవరూ ఏమీ అనలేదు అన్నయ్యగారూ! రోజూ బియ్యం కడిగిన నీళ్లే పోస్తున్నాను," అని ఆవిడ నిజంగానే కంగారుపడింది. ఆ వెంటనే పెరట్లో నాలుగు ముద్దమందారాలు కోసి రాముడి పటానికి పెట్టి, మొక్క ఆరోగ్యం కోసం దండం కూడా పెట్టుకుంది.

మరోసారి చెంచురామయ్య తడి పంచె గన్నేరు మీద ఆరేశాడు. పూల్‌సింగ్ అరుగెక్కి కూర్చున్నాడు. మంచినీళ్లు ముట్టలేదు.

"కోడలి నెత్తిమీద మామ పంచె! ఇది ఏ ఊరి మర్యాద బావగారూ?"

పదిన్నరకు చెంచురామయ్యే లేచి పంచె తీశాడు. రాజ్యశ్రీ వంటింట్లోకి పరుగెత్తి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

అడిగిన ప్రతివాడికీ పిల్లనిచ్చే మనిషీ కాదు పూల్‌సింగ్. మెరక మీద మేడ కట్టుకున్న భద్రయ్య, తనకూ ఒక మొక్క కావాలని మూడుసార్లు అడిగాడు.

"జాతకం కలువలే."

"మొక్కకు జాతకమేందిరా?"

"మొక్కది మంచిగనే ఉన్నది. మీదే కలువలే."

రెండువేల ఆరు శ్రావణంలో గోదావరి కన్నెర్ర చేసింది. రాజ్యశ్రీకి ఎనిమిదో నెల. పుట్టింటికి వెళ్లే దారులన్నీ నీళ్లలో ఉన్నాయి. భర్త ఉదయ్ భాస్కర్ పని మీద వెళ్లి ఖమ్మంలో చిక్కుకుపోయాడు. పొద్దున్నే డప్పు వేయించి, ఏటి బజారు వాళ్లందరినీ బడిలోని శిబిరానికి వెళ్లిపొమ్మన్నారు అధికారులు. చెంచురామయ్య కదలలేదు.

"ఈ ఇల్లు కట్టి పదిహేనేళ్లు. గోదావరి మా మెట్టెక్కలేదు. పళ్లెం పట్టుకుని బడిలో వరసలో నిలబడాలా నేను?"

మధ్యాహ్నానికి నీళ్లు పశువుల కొట్టంలోకి వచ్చాయి. ఇంకో గంటకు రెండో మెట్టు మునిగింది. మామగారికి ఎదురు చెప్పే అలవాటు లేని రాజ్యశ్రీ, కడుపు మీద చెయ్యి వేసుకుని గుమ్మంలో నిలబడి రామనామం చెప్పుకుంటోంది.

అప్పుడు నీళ్లను చీల్చుకుంటూ ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. దాని మీదనుంచి పూల్‌సింగ్ దిగాడు. చేతిలో పళ్లెం, అందులో తమలపాకులు, పసుపు కుంకుమ, రవికె గుడ్డ.

"బావగారూ, బిడ్డను తీసుకపోను వచ్చిన."

"ఊరు మునుగుతుంటే ఏం వేళాకోళమయ్యా ఇది!"

"గౌరి మొగ్గ తొడిగింది. మొదటి కాన్పు పుట్టింట్లనే గద."

"ఆ వచ్చేవాడివి ఆషాఢంలోనే రాకపోయావా?"

"వచ్చిన. మీరే గేటు తియ్యలే."

"సరే, పెరుక్కుని తీసుకుపో!"

"ఒక్కదాన్నెట్ల తీసుకపోత? అత్తమామలు వచ్చి దిగబెట్టాలె. తోడికోడలు తోడు రావాలె. లేకుంటే తండాల నా తలకాయ ఎక్కడ పెట్టుకోను?"

అంటున్నంతసేపూ ఆయన మొక్కనే చూశాడు. రాజ్యశ్రీ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

చెంచురామయ్య మెట్ల వైపు చూశాడు. కోడలి వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"మర్యాద తప్పకూడదు కదా నిర్మలా. నా కండువా పట్రా."

వేరుమట్టితో సహా తవ్వి తీసిన గన్నేరు నిర్మలాదేవి ఒడిలో, రాజ్యశ్రీ ఆవిడ పక్కన. ట్రాక్టరు గుట్ట మీది తండా చేరేసరికి పూల్‌సింగ్ భార్య పూలి కాళ్లకు నీళ్లిచ్చింది. లోపల జొన్నరొట్టెలు కాలుతున్నాయి. వసారాలో అప్పటికే పదమూడు కుటుంబాలు, పదమూడు ఒళ్లలో పదమూడు మొక్కలు! పద్నాలుగు మంది బావగార్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

రాజ్యశ్రీకి అప్పుడు తట్టింది. అందరూ ఏటి బజారు పల్లపు ఇళ్లవాళ్లే. మెరక మీది ఇల్లు ఒక్కటీ లేదు.

"పిన్నిగారూ, బాబాయిగారు ఇళ్లు చూసే పిల్లనిచ్చారా?"

పూలి రొట్టె తిప్పుతూ నవ్వింది. "ఇరవై ఏండ్ల కింద వరదొచ్చినప్పుడు ఇల్లిల్లు తిరిగి పిలిచిండు బిడ్డా. పరాయోళ్ల గుడిసెలకు ఎట్లొస్తమని ఒక్కరు రాలే. రెండు దినాలు కప్పులెక్కి కూసున్నరు. గప్పుడనుకున్నడు, ముందు సుట్టాలను చేసుకోవాలె, తర్వాత పిలువాలె అని."

రాజ్యశ్రీ కిటికీలోంచి కనిపిస్తున్న భద్రాచలం దిక్కుకు చేతులు జోడించి, తర్వాత అవే చేతులు పూలి వైపు తిప్పింది. పూలి ఆ చేతుల్లో వేడి రొట్టె పెట్టింది.

నాలుగో రోజు నీళ్లు తీశాయి. బయలుదేరే ముందు చెంచురామయ్య చాలాసేపు కండువా సర్దుకున్నాడు.

"బావగారూ," అన్నాడు చివరికి. తండా అంతా తిరిగి చూసింది. "మీకు నేనేం చెయ్యాలో చెప్పండి."

పూల్‌సింగ్ తలపాగా కిందికి వేలు దూర్చి గోక్కున్నాడు. "ఒక్క సాయం కావాలె. మీ పెరట్ల ముద్దమందారం బతికుంటే, ఒక కొమ్మ మా ఇంటికి కోడలిగ ఇయ్యండ్రి."

"అంతేనా? పది కొమ్మలు తీసుకోండి!"

"ఒక్కటి చాలు. ఇన్నేండ్ల సంది ఆడపిల్ల తండ్రినై అందరి గుమ్మంల చేతులు కట్టుకుని నిలబడ్డ. ఈసారి మీరు మా గుమ్మంల నిలబడండ్రి. నేను చాయ సల్లారిందని అలుగుత. ఒక్క పూటే, ఎక్కువసేపు అలగ. మీరు జర గట్టిగ బతిమాలాలె."